సెక్షన్ 58 అని కౌన్సిల్ కొట్టేసిన ఒక గుంత కేసు: ఇన్‌స్పెక్షన్ రికార్డు తెప్పించాక ఏమైంది

ముందు నా సంగతి చెప్తా. నేను సొలిసిటర్‌ని కాదు. ఇంగ్లండ్‌లో చాలా ఏళ్ళు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో మోటార్ క్లెయిమ్స్ చూశా, ఇప్పుడు వీకెండ్స్‌లో మా ఊరి సలహా కేంద్రంలో వాలంటీర్‌గా కూర్చుంటున్నా. వచ్చేవాళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా బాగానే ఉంటారు, ఎక్కువగా ఇంటి డిపాజిట్లు, పార్కింగ్ ఫైన్లు, ఇలాంటి గుంతల కేసులు. రోడ్డు మీద గుంతలో దిగి కారు పాడైతే ఆ ఖర్చు కౌన్సిల్‌ని, అంటే అక్కడి స్థానిక సంస్థని, అడిగిన కేసు ఇది, రాయడానికి క్లయింట్ ఒప్పుకున్నారు. కౌంటీ, రోడ్డు, కారు మోడల్ ఏవీ చెప్పను, తేదీలు కూడా కొంచెం అటూ ఇటూ జరిపా, కానీ వాటి మధ్య గ్యాప్‌లు మాత్రం నిజమే, ఎందుకంటే కేసు మొత్తం ఆ గ్యాప్‌ల మీదే నడిచింది. ఇదంతా ఇంగ్లండ్ చట్టం. స్కాట్లాండ్‌లో, నార్తర్న్ ఐర్లండ్‌లో రూల్స్ వేరు.

జరిగింది ఏంటంటే

క్లయింట్ హాస్పిటల్‌లో నర్సు. ఫిబ్రవరి రెండో వారంలో నైట్ డ్యూటీ అయ్యి పొద్దున్నే ఇంటికి వస్తున్నారు, ఇంకా తెల్లారలేదు, రాత్రంతా వాన. అది బి రోడ్డు, అంటే మెయిన్ రోడ్డు కన్నా చిన్నది, స్ట్రీట్ లైట్లు లేవు, బస్ షెల్టర్ దాటాక ఎడమ పక్కన నీళ్ళు నిలిచున్నాయి, మామూలు నీళ్ళే కదా అని వెళ్తే ముందు ఎడమ చక్రం ధడేల్‌మని లోపలికి దిగి లేచింది. స్టీరింగ్ ఎడమకి లాగేస్తుంటే ఎలాగో తర్వాతి లే-బైలో, అంటే రోడ్డు పక్కన బండి ఆపుకునే చోట, ఆపారు. టైరు పక్క గోడ చిరిగిపోయింది, అల్లాయ్ చక్రం అంచు లోపలికి వంగింది. స్పేర్ వీల్ లేని కారు, డిక్కీలో ఉన్న ఫోమ్ కిట్ అలాంటి చిరుగుకి పనిచెయ్యదు. బ్రేక్‌డౌన్ కవర్ ఉంది కాబట్టి లారీ వచ్చి గ్యారేజీకి తీసుకెళ్ళింది, అక్కడ చూస్తే సస్పెన్షన్ లోయర్ ఆర్మ్ కూడా వంగిందన్నారు. కార్డు గీకి బాగు చేయించుకున్నారు. తర్వాత రెండు డ్యూటీలకి టాక్సీ.

ఇంటికెళ్ళాక నిద్ర కూడా పోకుండా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో గుంత గురించి కంప్లయింట్ పెట్టారు. ఆ ఒక్క పని తర్వాత ఎంత పనికొచ్చిందో ఆవిడకి అప్పుడు తెలీదు.

నా దగ్గరికి వచ్చేలోపు చేసినవి

మొదటి క్లెయిమ్ తప్పు ఆఫీసుకి వెళ్ళింది. కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు మీద ఎవరి పేరుందో ఆ డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌కే పంపారు, అందరూ చేసేదే, డబ్బులు వాళ్ళకే కదా కడుతున్నాం అని. కానీ రెండంచెల కౌన్సిళ్ళు ఉన్న చోట చెత్త, ప్లానింగ్ డిస్ట్రిక్ట్ చూస్తుంది, రోడ్లు కౌంటీవి. యూనిటరీ అయితే ఒకటే ఆఫీసు, లండన్‌లో బరోలు, అక్కడ కూడా రెడ్ రూట్లు లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్‌వి, మోటార్‌వేలు, పెద్ద ట్రంక్ రోడ్లు నేషనల్ హైవేస్‌వి. డిస్ట్రిక్ట్ వాళ్ళు చాలా వారాల తర్వాత మాది కాదని ఒక లైన్ పంపారు.

రెండోసారి కౌంటీ ఆన్‌లైన్ ఫారం నింపారు. దాదాపు రెండున్నర నెలలకి తిరస్కరణ ఉత్తరం వచ్చింది, హైవేస్ యాక్ట్ 1980 సెక్షన్ 58 ప్రకారం మాకు బాధ్యత లేదు అని. దానికి ఆవిడ కోపంగా జవాబు రాశారు, కౌన్సిల్ ట్యాక్స్ ఎంత కడుతున్నామో, రోడ్లు ఎంత దరిద్రంగా ఉన్నాయో, అదే వెనక సీట్లో పిల్లాడు ఉండుంటే ఏమయ్యేదో, అన్నీ. అదే ఉత్తరం పై తేదీ మార్చి మళ్ళీ వచ్చింది. ఈలోపు వాళ్ళాయన ఒక ఎఫ్ఓఐ పెట్టారు, మన ఆర్టీఐ లాంటిదే, 2000లో వచ్చిన చట్టం, ఇరవై పని దినాల్లో జవాబివ్వాలి, ఎవరైనా అడగొచ్చు, ఏ దేశం పాస్‌పోర్టన్నది సంబంధం లేదు. కానీ ఆయన అడిగింది ఏంటంటే కౌంటీ మొత్తంలో ఐదేళ్ళ గుంతల రికార్డులన్నీ. ఖర్చు పరిమితి దాటుతుందని కొట్టేశారు. కౌన్సిళ్ళకి ఆ పరిమితి 450 పౌండ్లు, గంటకి 25 చొప్పున లెక్కేస్తే 18 గంటల పని, అంతకన్నా ఎక్కువ పడుతుందంటే నిరాకరించొచ్చు.

అప్పుడు నా దగ్గరికి వచ్చారు, ఇద్దరూ. ఆవిడ ఫోల్డర్ తెచ్చారు, ఆయన మాత్రం వదిలెయ్యమని చెప్పించడానికి వచ్చినట్టున్నారు. "అన్నయ్యా, మనం వీసా మీద ఉన్నవాళ్ళం, గవర్నమెంటు మీద కేసు అంటే రేపు పీఆర్‌కి ఏమన్నా అడ్డం వస్తుందేమో" అన్నారు. ఈ భయం మనవాళ్ళలో చాలామందికి ఉంది కాబట్టి ఇక్కడే చెప్తున్నా. డబ్బుల కోసం కౌంటీ కోర్టులో సివిల్ క్లెయిమ్ వేస్తే వేసినవాళ్ళ వీసాకి ఏమీ కాదు, అది నేరం కేసు కాదు, మీ మీద కేసూ కాదు. కౌన్సిల్‌కి, హోమ్ ఆఫీసుకి ఇందులో లింకు లేదు. ఆయన మొహం చూస్తే పూర్తిగా నమ్మినట్టు అనిపించలేదు కానీ కూర్చున్నారు.

ఆ ఉత్తరం చదివిన పద్ధతి

తిరస్కరణ ఉత్తరాలు నేను కూడా బోలెడు రాసినవాణ్ణే కాబట్టి అందులో ఏముందో కన్నా ఏం లేదో చూడ్డం అలవాటైపోయింది. ఈ ఉత్తరంలో అసలు విషయం రెండు వాక్యాలే. ఒకటి, ఈ రోడ్డుని మా పాలసీ ప్రకారం నెలకోసారి తనిఖీ చేస్తాం. రెండు, ఈ ప్రదేశంలో సంఘటనకి ముందు ఎలాంటి ఫిర్యాదూ నమోదు కాలేదు. మొదటి వాక్యంలో చేస్తాం అని ఉంది, ఫలానా తేదీన చేశాం అని లేదు. నెలకోసారి తిరిగే మనిషి నిజంగా తిరిగుంటే ఆ తేదీ రాయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు, అది వాళ్ళకి బలం. రెండో దాంట్లో ఈ ప్రదేశంలో అంటే ఎంత మేర? రోడ్డు పేరుతో వెతికారా, మ్యాప్ మీద వెతికారా?

ఇక్కడ చట్టం కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి నిర్ణయాలు అర్థం కావు. సెక్షన్ 41 ప్రకారం రోడ్డు బాగోగులు చూసే బాధ్యత హైవే అథారిటీది. 1961 చట్టం రాకముందు వీళ్ళు ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే అసలు అడగడానికే లేదు, చేసిన రిపేరు తప్పుగా చేస్తేనే బాధ్యత ఉండేది. ఆ రక్షణ తీసేసి దాని బదులు ఇచ్చిందే ఇప్పుడు సెక్షన్ 58లో ఉన్న డిఫెన్స్, అంటే ఆ రోడ్డుకి, ఆ ట్రాఫిక్‌కి తగ్గట్టు సహేతుకంగా తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకున్నాం అని అథారిటీ నిరూపించుకుంటే బయటపడొచ్చు. వాళ్ళకి ఆ లోపం తెలుసా, తెలిసుండాల్సిందా అన్నది కూడా అందులో చూస్తారు. నిరూపించాల్సింది వాళ్ళు. గుంత ప్రమాదకరంగా ఉంది, దానివల్లే కారు పాడైంది, ఈ రెండూ చూపించేవరకే మన బరువు, ఆ తర్వాత బరువు వాళ్ళ నెత్తిన పడుతుంది. క్లెయిమ్ వేసేవాళ్ళలో చాలామంది గుంత ఎంత పెద్దదో చెప్పడంలోనే అలిసిపోతారు, కౌన్సిల్ వాళ్ళు గుంత గురించి అసలు మాట్లాడరు, మా పద్ధతి కరెక్టు అని మాత్రమే అంటారు. కాబట్టి మనం కూడా గుంతని కాసేపు పక్కనపెట్టి వాళ్ళ పద్ధతి కాగితం మీద ఎలా ఉందో, నిజంగా నడిచిందో లేదో చూడాలి. ఈ కేసులో నేను చేసిన పనంతా ఇదే.

ఏ దారి ఎందుకు వద్దనుకున్నాం

సొంత ఇన్సూరెన్స్ మొదట తేలిపోయింది. ఎక్సెస్, అంటే మన జేబులోంచి పోయే మొదటి భాగం, 350 పౌండ్లు, పైగా నో క్లెయిమ్స్ డిస్కౌంటు పోతుంది, చేతికొచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్దామా అని ఆయన అడిగారు. కౌన్సిళ్ళ మీద ఫిర్యాదులు చూసే లోకల్ గవర్నమెంట్ అంబుడ్స్‌మన్ ఇలాంటి డ్యామేజ్ బాధ్యత విషయాలు కోర్టులో తేల్చుకోమని సాధారణంగా పక్కన పెట్టేస్తారు, నెలలు పోతాయి. మరి నేరుగా కోర్టుకి? ఆవిడ దానికే రెడీగా ఉన్నారు, కోపం మీద ఉన్నారు కదా. నేను ఆపా. ఫీజు కట్టి క్లెయిమ్ వేశాక జనవరిలో పక్కాగా తనిఖీ చేసిన కాగితం వాళ్ళు తీసి చూపిస్తే మన పని అయిపోయినట్టే. ఆ కాగితం ఉందో లేదో ఉచితంగా తెలుసుకునే దారి ఉన్నప్పుడు గుడ్డిగా డెబ్బై పౌండ్లు పెట్టడం ఎందుకు? ఆస్తి నష్టానికి క్లెయిమ్ వెయ్యడానికి ఆరేళ్ళ గడువుంది, తొందరేమీ లేదు.

ఫోటోల విషయంలో ఆవిడ బాగా బెంగపడ్డారు. ఉన్నవి రెండే, ఒకటి లే-బైలో చిరిగిన టైరుది, రెండోది చీకట్లో రోడ్డుది, అందులో నల్లటి నలుపు తప్ప ఏమీ లేదు. మర్నాడు పగలు వెళ్ళి తీద్దామని వెళ్తే అప్పటికే గుంత పూడ్చేశారు. దానికి నేను చెప్పింది, పూడ్చేశారంటే మంచిదేనమ్మా, ఎవరో ఒక మనిషి వచ్చి, కొలిచి, ఇంత లోతు ఉంది వెంటనే పూడ్చాలి అని రాస్తేనే కదా పూడ్చేది, ఆ రాసిన కాగితం మన ఫోటో కన్నా గట్టిది.

సరైన ప్రశ్న అడగడం

కొత్త ఎఫ్ఓఐ చాలా చిన్నది. ఫలానా రెండు జంక్షన్ల మధ్య ఉన్న ముక్క, సంఘటనకి ముందు పన్నెండు నెలలు, తర్వాత ఒక నెల. ఆ ముక్క ఏ కేటగిరీ, ఎన్నాళ్ళకోసారి తనిఖీ చెయ్యాలి. ప్లాన్ చేసిన తనిఖీ తేదీలు వేరుగా, నిజంగా చేసిన తేదీలు వేరుగా. నమోదైన లోపాలు, కొలతలు, ఇచ్చిన ప్రాధాన్యత, రిపేరు ఆర్డరు తేదీ, పూర్తైన తేదీ. ఎంత లోతుంటే పట్టించుకుంటారో చెప్పే పాలసీ కాపీ. ఇవి ఎవరైనా అడుగుతారు. నేను కావాలని కలిపింది ఒకటుంది. ప్రజల నుంచి వచ్చిన ఫిర్యాదులు ఆ రోడ్డు పేరు మీదే కాకుండా ఆ ముక్కని కలిసే రోడ్ల పేర్ల మీద నమోదైనవి కూడా, మూసేసినవి, డూప్లికేట్ అన్నవి, దొరకలేదన్నవి అన్నీ ఇవ్వమన్నా. రోడ్డు మీద నించుని ఫోన్లో ఫిర్యాదు పెట్టేవాడికి తను ఉన్నది ఏ పేరు గల రోడ్డో సరిగ్గా తెలీదు, జంక్షన్ దగ్గరైతే మరీను.

నష్టం ఎక్కడుంది, ఎందుకు అడుగుతున్నాం అన్నది అందులో రాయలేదు, రాయాల్సిన అవసరం లేదు.

ఇరవై పని దినాలు దాటాక ఒక గుర్తు చేసే మెయిల్ పెడితే ఎక్సెల్ షీటు వచ్చింది. ఆవిడ డ్యూటీ అయ్యాక నేరుగా కేంద్రానికి వచ్చారు, ఇంకా యూనిఫాం మీదే ఉన్నారు, ఇద్దరం స్క్రీన్ మీద వరసలు చూస్తూ కిందకి వెళ్ళాం. అక్టోబర్ తనిఖీ ఉంది, నవంబర్ ఉంది, డిసెంబర్ 11న ఉంది. తర్వాతి వరస ఫిబ్రవరి 19. ప్లాన్ చేసిన తేదీల కాలమ్‌లో జనవరి రెండో వారం తేదీ ఉంది, పక్కన చేసిన తేదీ గడి ఖాళీ. పాలసీలో కొన్ని రోజులు అటూ ఇటూ వెళ్ళొచ్చని ఉంది కానీ నెల మొత్తం ఎగరగొట్టొచ్చని లేదు. ఆవిడ కారు దిగబడింది ఈ ఖాళీ గడి తర్వాత, ఫిబ్రవరి 19కి ముందు.

రెండోది ఆవిడ పెట్టిన కంప్లయింట్ తాలూకు వరస. అదే రోజు మనిషి వెళ్ళి చూశాడు, లోతు 75 మిల్లీమీటర్లు, కేటగిరీ 1, 24 గంటల్లో పూడ్చాలి. వాళ్ళ పాలసీలో పట్టించుకోవాల్సిన లోతు 40. ఈ 40 అన్నది చట్టంలో ఉన్న అంకె కాదు, చాలా కౌన్సిళ్ళు పెట్టుకున్న అంకె, మీ కౌన్సిల్‌ది వేరే ఉండొచ్చు. కానీ సొంత మనిషే కొలిచి కేటగిరీ 1 అని రాశాక గుంత ప్రమాదకరం కాదు అని వాదించడం కష్టం.

మూడోది పక్క రోడ్డు పేరు మీద ఉంది. జనవరి 24న ఎవరో ఫిర్యాదు చేశారు, బస్ షెల్టర్ దగ్గర లోతైన గుంత అని. నాలుగు రోజుల తర్వాత మూసేశారు, కారణం గడిలో రాసింది దొరకలేదు అని. ఆ పక్క రోడ్డు మీద అసలు బస్ షెల్టరే లేదు. తనిఖీకి వెళ్ళినవాడు ఆ రోడ్డు మీదికి వెళ్ళి, గుంత కనపడక, టిక్కు పెట్టి వచ్చేశాడన్నమాట. ఇలాంటి గుంతలు జనం రిపోర్టు చేసే ఫిక్స్‌మైస్ట్రీట్‌లో వెతికితే అదే తేదీన పెట్టిన రిపోర్టు కనిపించింది, 2007 నుంచి నడుస్తున్న సైటు అది, పాత రిపోర్టులు మ్యాప్ మీద అలాగే ఉంటాయి. పిన్ను మన రోడ్డు మీదే ఉంది, ఫోటోలో బస్ షెల్టరు కాలు, దాని ముందు గుంత, పగటి వెలుతురులో. మనకి లేని ఫోటో ఎవరో ముందే తీసిపెట్టారు.

కౌన్సిల్ క్లెయిమ్స్ ఆఫీసు అబద్ధం చెప్పిందని నేననుకోను. రోడ్డు పేరుతో వెతికారు, ఆ పేరు మీద ఏమీ రాలేదు, లేదు అని రాసేశారు. నేనున్న ఆఫీసులో కూడా ఇలాగే జరిగేది.

ఎంత అడగాలి

దీని మీద ఆవిడకి నాకు కాసేపు వాదన అయింది. టైరుకి 92 పౌండ్లు కట్టారు, పైగా గ్యారేజీవాడు ముందు రెండూ ఒకేలా ఉండాలని రెండోది కూడా మార్చాడు. రెండోది వదిలెయ్యమన్నా, దానికి గుంతలో ఏమీ కాలేదు. మొదటిది నాలుగేళ్ళ పాత టైరు, కొత్త టైరు డబ్బులు పూర్తిగా అడిగితే పాతదానికి కొత్తది ఇవ్వమన్నట్టు అవుతుంది, అవతలివాళ్ళు మొదట పట్టుకునేది అదే, అందుకని 55 అడిగాం. అల్లాయ్ 165, లోయర్ ఆర్మ్ పనితో కలిపి 238, అలైన్‌మెంట్ 60, టాక్సీలు 34. మొత్తం 552. మనంతట మనమే తగ్గించి అడిగితే మిగతా అంకెల మీద నమ్మకం పెరుగుతుంది, ఇది నేను అవతలి కుర్చీలో కూర్చున్నప్పుడు చూసిన విషయం.

లోయర్ ఆర్మ్ పాతబడి వంగింది, గుంత వల్ల కాదు అనే మాట ఎప్పుడూ వస్తుంది, పదేళ్ళ కారు కదా. దానికి ఎంఓటీ, అంటే ఏటా చేయించాల్సిన కారు ఫిట్‌నెస్ పరీక్ష, దాని చరిత్ర సరిపోయింది. గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే ఏ కారుదైనా ఉచితంగా కనపడుతుంది. అంతకుముందు నవంబర్‌లో పాస్ అయ్యింది, సస్పెన్షన్ మీద కానీ ముందు టైర్ల మీద కానీ ఒక్క అడ్వైజరీ, అంటే ముందు ముందు చూసుకోమనే హెచ్చరిక, లేదు. గ్యారేజీవాడి చేత ఇన్‌వాయిస్ మీదే ఒక లైన్ రాయించాం, దెబ్బ తగిలి వంగినట్టుంది అని.

ఉత్తరం, సగం ఆఫరు, కోర్టు

కోర్టుకి ముందు పంపాల్సిన ఉత్తరం ఒకటిన్నర పేజీ. ఎక్కడ, ఎప్పుడు, ఏం పాడైంది. మీ మనిషే కేటగిరీ 1 అన్నాడు. జనవరి తనిఖీ జరగలేదు, మీ షీటులో ఫలానా వరస చూడండి. జనవరి 24 ఫిర్యాదు మీకు అందింది, తప్పు రోడ్డు మీద వెతికి మూసేశారు, ఇదిగో పిన్ను, ఇదిగో ఫోటో. కాబట్టి సెక్షన్ 58 మీకు వర్తించదు. పిల్లాడు, కౌన్సిల్ ట్యాక్స్, రోడ్ల దరిద్రం అన్నీ తీసేశా, ఆవిడకి అది నచ్చలేదు, "మరీ చప్పగా ఉంది అన్నయ్యా" అన్నారు. స్పీడు కూడా అంకెతో రాయొద్దన్నా, లిమిట్ లోపలే వెళ్తున్నా అంటే చాలు, స్పీడోమీటర్ ఆ క్షణంలో ఎంత చూపించిందో ఎవరు చూశారు? మామూలు కేసుకి 14 రోజులు ఇచ్చినా చాలంటారు కానీ మేం 28 ఇచ్చాం, కౌన్సిల్లో ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి వెళ్ళడానికే అంత పడుతుంది, రేపు జడ్జి ముందు టైమివ్వలేదు అనే మాట రాకూడదు.

27వ రోజు జవాబు. బాధ్యత ఒప్పుకోకుండా, సద్భావంతో 276 పౌండ్లు, సరిగ్గా సగం.

వాళ్ళాయన ఉత్తరం చూడగానే "వచ్చేసింది కదా, తీసేసుకో" అన్నారు. ఆవిడ "మిగతా సగం ఎవరు కడతారు, మీరా?" అన్నారు. నేను మధ్యలో దూరకుండా లెక్క ముందు పెట్టా. ఒప్పుకుంటే 276 ఖాయం. ఒప్పుకోకపోతే క్లెయిమ్ ఫీజు 70, విచారణ దాకా వెళ్తే ఇంకో 85, గెలిస్తే రెండూ తిరిగొస్తాయి, ఓడితే పోతాయి. పదివేల పౌండ్ల లోపు స్మాల్ క్లెయిమ్స్ కాబట్టి ఓడినా అవతలి లాయరు ఫీజు మామూలుగా మన నెత్తిన పడదు. ఒక రోజు సెలవు పోవచ్చు. అంటే ఓడితే పోయేది 276 ఆఫరు, పైన 155 ఫీజులు. సగం ఆఫరు చూస్తే నాకు అర్థమైంది ఏంటంటే ఖాళీ గడి వాళ్ళకి కనిపించింది. పద్ధతి పక్కాగా ఉందనుకునే కౌన్సిల్ పైసా ఇవ్వదు, ఒకరికి ఇస్తే అదే గుంతలో పడిన మిగతావాళ్ళు కూడా వస్తారు. అయినా నిర్ణయం ఆవిడదే అన్నా. 500కి ఒప్పుకుంటానని తిరిగి రాశారు, వాళ్ళు 276 దగ్గరే నించున్నారు, ఆన్‌లైన్‌లో క్లెయిమ్ వేశారు.

డిఫెన్స్ వచ్చింది. కొత్త విషయం ఒకటే, జనవరిలో ఇన్‌స్పెక్టరు అనారోగ్యంతో సెలవులో ఉన్నాడు, మనుషుల కొరత, అందుచేత ఆలస్యం సహేతుకమే అని. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే సరిగ్గా ఈ దారి 2011లో యార్క్ కౌన్సిల్ మీద కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఇచ్చిన తీర్పులో మూసుకుపోయింది. అక్కడ సైకిల్ తొక్కుతూ గుంతలో పడిన మనిషి కేసు, ఏడాదికోసారే తనిఖీ చేస్తున్నారు, డబ్బుల్లేవు మనుషుల్లేరు అన్నారు, సెక్షన్ 58 కింద ఆ సాకు చెల్లదని కోర్టు చెప్పింది. ఈ ఒక్క పేరా రాసి ఆవిడకి ఇచ్చా, మీడియేషన్‌లో, అంటే విచారణకి ముందు జరిగే రాజీ మాటల్లో, చదవమని.

2024 మే తర్వాత వేసిన చిన్న డబ్బు క్లెయిముల్లో ఎక్కువ వాటికి విచారణకి ముందు మీడియేషన్ తప్పనిసరి అయింది, ఉచితం, ఫోన్లోనే, గంట. మీడియేటర్ ఒకసారి మనకి, ఒకసారి వాళ్ళకి ఫోన్ చేస్తారు, ఎవరిది రైటో తేల్చరు. అందుకే ఆవిడకి ముందే చెప్పా, మీడియేటర్‌ని ఒప్పించడానికి టైం పెట్టకండి, అవతలివాళ్ళకి చేరాల్సిన మాటలే చెప్పండి అని. ఖాళీ గడి, దొరకలేదన్న ఫిర్యాదు, యార్క్ తీర్పు, ఈ మూడే చెప్పారు. కౌన్సిల్ వాళ్ళు మొదట 350 అన్నారు, తర్వాత 450, చివరికి 500 ప్లస్ కోర్టు ఫీజు 70 దగ్గర కుదిరింది. ఇంకో 52 కోసం విచారణకి వెళ్ళొచ్చు కానీ 85 ఫీజు ముందు కట్టి, సెలవు పెట్టి వెళ్ళేంత విషయం కాదని ఆవిడే అన్నారు. రెండు వారాల్లో అకౌంట్లో పడ్డాయి.

ఈ కేసు నుంచి తర్వాత వాడుతున్నవి

గుంతలో పడ్డ వెంటనే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో కంప్లయింట్ పెట్టండి, ఫోన్ చెయ్యడం కన్నా అది మేలు, రిఫరెన్స్ నంబర్ మిగులుతుంది. పెడితే పూడ్చేస్తారు, సాక్ష్యం పోతుంది అని కొందరు ఆగుతారు, అది తప్పు, వెనక వచ్చే బైకువాడు పడతాడు, పైగా మీ కంప్లయింట్ వల్లే వాళ్ళ మనిషి కొలిచి రాస్తాడు. కుదిరితే పగలు, సేఫ్‌గా, పేవ్‌మెంట్ మీద నించుని చుట్టుపక్కల గుర్తులు పడేలా ఫోటో తియ్యండి, టేపు పట్టుకుని రోడ్డు మధ్యకి మాత్రం వెళ్ళొద్దు. రోడ్డు ఎవరిదో ముందు తేల్చుకోండి. గ్యాస్ వాళ్ళో నీళ్ళ కంపెనీవాళ్ళో తవ్వి పూడ్చిన చోట కుంగితే కౌన్సిల్ వాళ్ళవైపు చూపిస్తుంది, చాలాసార్లు అది నిజమే, అప్పుడు ఎవరు తవ్వారో అడిగి రాబట్టాలి. సూపర్‌మార్కెట్ పార్కింగ్ అయితే కౌన్సిల్‌కి సంబంధమే లేదు.

ఎఫ్ఓఐ జవాబు వచ్చాక అందరిలో ఖాళీ గడి దొరకదు, ఇది గట్టిగా చెప్పాలి. ఈ మధ్యే ఇంకొకాయన వచ్చారు, దెబ్బ ఇంతకన్నా పెద్దది, రెండు చక్రాలు పోయాయి, గుంత ఫోటోలు కూడా చక్కగా ఉన్నాయి. రికార్డు తెప్పిస్తే తొమ్మిది రోజుల ముందు తనిఖీ చేశారు, అప్పటికి అక్కడ లోపం లేదు, ఈలోపు గట్టి మంచు కరిగి రోడ్డు లేచిపోయింది, ఒక్క ఫిర్యాదూ రాలేదు, పక్క రోడ్ల పేర్ల మీద కూడా లేదు. అలాంటప్పుడు సెక్షన్ 58 నిజంగానే నిలబడుతుంది. కోర్టుకి వెళ్తే ఫీజు పోతుందని చెప్పేశా. ఆయన నష్టం ఎక్సెస్ కన్నా బాగా ఎక్కువ కాబట్టి సొంత ఇన్సూరెన్స్‌లోనే క్లెయిమ్ చేసుకున్నారు.